లాగినవాళ్ళు నిలబడాలి

కూత నాలుగుసార్లు మోగి, కాస్త ఆగి, మళ్ళీ రెండుసార్లు మోగింది. లాబ్‌స్టర్ బోనుకు వల అల్లుతున్న లోర్నా బీల్ వేళ్ళు ముడి సగంలో ఆగిపోయాయి. నాలుగూ రెండూ. అంటే కేనరీ రోడ్డు మొదట్లో, పీతల ఫ్యాక్టరీ పక్కనున్న ఎర్ర డబ్బా. అల్లిక కర్రను ముడిలోనే వదిలేసి, ఒక చేత్తో కోటు తొడుక్కుంటూ షెడ్డులోంచి బయటపడింది.

మా టోల్‌మన్ కోవ్ పిల్లలకు అంకెలు బళ్ళో రావు, ఈ కూత వల్ల వస్తాయి. ఊళ్ళో మూలమూలనా స్తంభానికి ఒక ఎర్ర డబ్బా, దానికో కొక్కెం. కొక్కెం లాగితే లోపలి చక్రం తిరిగి, ఫైర్ స్టేషన్ కప్పు మీది కూత ఆ డబ్బా నంబరును ఊరంతటికీ చాటుతుంది. జీతం భత్యం లేని మా ఫైర్ సిబ్బంది ఎక్కడి పని అక్కడే పడేసి పరుగెత్తుతారు. వాళ్ళకు కెప్టెన్ లోర్నా. పెద్ద పట్టణాలవాళ్ళు ఈ డబ్బాలను ఏనాడో పీకి మ్యూజియాల్లో పెట్టుకున్నారు. మాకు ఆ యోగం లేదు, సెల్‌ఫోన్ సిగ్నల్ గుట్ట దాటి ఇటువైపు దిగదు. ప్రతి డబ్బా మీదా ఒక రేకు, దాని మీద రెండు మాటలు: కొక్కెం లాగండి, బండి వచ్చేదాకా ఇక్కడే నిలబడండి. డబ్బాకు వీధి తెలుసు గాని ఇల్లు తెలియదు. ఇల్లు చూపించాల్సింది లాగిన మనిషే.

ఫైరింజన్ మలుపు తిరిగేసరికి డబ్బా కింద ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ఒంటి మీద రబ్బరు ఏప్రన్, తల మీద జుట్టు రాలకుండా కట్టుకునే టోపీ, మోచేతుల దాకా అంటుకున్న పీతల పొట్టు. కోటు కూడా లేదు. మంచు మోకాలి లోతున ఉంది.

లోర్నా కిటికీలోంచి తల బయటపెట్టి, ఇన్నేళ్ళుగా అడుగుతున్న ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"ఎటు?"

ఆమె చెయ్యి చాపి చూపించింది. ఎవరెట్ పింకమ్ ఇల్లు. పొగగొట్టం మూతిలోంచి మంట నాలుక చాచి కప్పును తడుముతోంది.

ఎవరెట్‌ది ఒంటి బతుకు. చెవులు మందం. కట్టెల పొయ్యి ముందు కుర్చీలో దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నాడు. ఇద్దరు కుర్రాళ్ళు కుర్చీతో సహా ఎత్తి బయటికి తెచ్చేదాకా ఆయనకు మెలకువే రాలేదు. వచ్చాక మాత్రం దుప్పటి తడిపారని తిట్టడం మొదలుపెట్టాడు. లోర్నా నిచ్చెనెక్కి, కప్పు మీద బోర్లా పడుకుని, మంటలార్పే పొడి సంచుల్ని ఒక్కొక్కటే గొట్టంలో జారవిడిచింది. గొలుసు దింపి గోడలకు కొడుతూ మసి రాల్చింది. ఇంకాస్త ఆలస్యమైతే కప్పు అంటుకునేదే. కప్పు అంటుకుంటే కుర్చీ దాకా వెళ్ళే దారి ఉండేది కాదు.

ముఖం నిండా మసితో కిందికి దిగి, ఆ పీతల ఫ్యాక్టరీ ఆమెకు రెండు మంచి మాటలు చెబుదామని చూసింది. ఆమె పోలీసు కారు వెనక సీట్లో ఉంది. ఏప్రన్ ఇంకా విప్పలేదు.

కారు పక్కన నిలబడ్డది కోరీ. లోర్నా అన్నకొడుకు, పోలీసులో చేరి రెండో ఏడు. ఫైరింజన్ వెంట పోలీసు కారు రావడం, రోడ్డు మీద బళ్ళు ఆపడం, లాగినవాళ్ళ పేరు రాసుకోవడం మా ఊరి ఆనవాయితీ.

"ఏం చేశావురా?" అంది లోర్నా.

"పేరడిగానత్తా. ఎప్పుడూ అడిగేదేగా. కార్డు చూపించమంటే లేదంది. రేడియోలో కనుక్కుంటే..." నీళ్ళు నమిలాడు. "ఇప్పుడు ఒప్పందం ఉంది కదా. వదిలేస్తే నా ఉద్యోగం ఊడుతుంది."

"ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట నీలాంటివాడు."

కోరీ కారెక్కాడు. కారు కదిలింది. తన కుర్చీలోంచి ఎవరెట్ కళ్ళు చికిలించి అంతా చూస్తూనే ఉన్నాడు.

ఆ ఒప్పందం కొత్త సంవత్సరంలో వచ్చిపడింది. వలసవాళ్ళను పట్టుకునే కేంద్రం వాళ్ళతో మా పోలీసు చీఫ్ సంతకాలు చేసుకున్నాడు. కాగితాల్లేని మనిషి చేతికి చిక్కితే, వాళ్ళ వ్యాన్ వచ్చేదాకా మా ఠాణాలో ఉంచాలి. ఎవర్నడిగి సంతకం పెట్టావని కొందరు, మంచి పని చేశావని కొందరు. చివరికి శనివారం జరిగే ఊరి సభలో ఓటుకు పెట్టాలని తేలింది. ఒప్పందాన్ని ఊరు ఆమోదించాలని తీర్మానం రాసి ఇచ్చింది మరెవరో కాదు, ఎవరెట్ పింకమే.

*

మర్నాడు లోర్నా గిన్నెలో చిక్కటి చేపల సూపు, చౌడర్, పోసుకుని ఠాణాకు వెళ్ళింది. మా ఠాణా అంటే రెండు గదులు. వెనక గదిలో పోయినేడు ఓ తాగుబోతు పడుకున్నాడు, అంతకు ముందు ఎవరో దారి తప్పిన గొర్రెను కట్టేశారు. ఇప్పుడక్కడ బెంచీ మీద ఆ మనిషి కూర్చుని ఉంది. పేరు ఒడీలియా ఇష్కోయ్. గ్వాటెమాలా కొండల నుంచి వచ్చి నాలుగేళ్ళుగా పీతలు ఒలుస్తోంది. భర్త ఫెర్మిన్ కూడా అక్కడే పనిచేస్తాడు. భార్యకు బట్టలు తెచ్చివ్వాలన్నా అతను ఇటు తొంగిచూడలేడు, చూస్తే తనూ ఇదే బెంచీ మీద కూర్చోవాలి. ఇంట్లో పాప ఉంది. ఇక్కడే పుట్టిన పిల్ల. వ్యాన్ వచ్చిందంటే తల్లి ఎక్కడికి పోతుందో, పిల్ల మళ్ళీ ఎప్పుడు చూస్తుందో చెప్పగలిగినవాళ్ళు లేరు.

ఒడీలియా చౌడర్ తాగలేదు. గిన్నెను ఒళ్ళో పెట్టుకుని వెచ్చదనానికి చేతులు దాని చుట్టూ చుట్టింది. గోళ్ళ చుట్టూ సన్నటి గీతలు, పెంకులు కోసుకున్నవి. ముసలాయన ఎలా ఉన్నాడని అడిగింది. బానే ఉన్నాడు, అందర్నీ తిడుతున్నాడు అని లోర్నా చెబితే కొంచెం నవ్వింది.

తర్వాత నెమ్మదిగా, ఒక్కో మాటా వెతుక్కుంటూ అంది. "కెప్టెనమ్మా, మీరు ఫ్యాక్టరీకి వచ్చారు. అందరికీ చెప్పారు. లాగు, పరిగెత్తకు, నిలబడు అన్నారు. డబ్బా మీద బొమ్మ కూడా వేశారు. నేను బొమ్మలాగే నిలబడ్డాను. తప్పు నాదా, బొమ్మదా?"

లోర్నా బెంచీ చివర కూర్చుంది. చదువు రానివాళ్ళకు తెలియాలని ఆకురాలే కాలంలో ఆ రేకు మీద నిలబడ్డ మనిషి బొమ్మను తెల్లరంగుతో వేసింది తనే. ఫ్యాక్టరీలో బల్ల ఎక్కి, నిలబడటం ఎలాగో నిలబడి చూపించి, అందర్నీ నవ్వించింది కూడా.

"బొమ్మది కాదు, నీదీ కాదు" అంది.

బయటి గదిలో చీఫ్ ఆమెను కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడాడు. దారిలో మంచు తోసేదాకా వ్యాన్ రాదని, శనివారం సాయంత్రానికి వస్తుందని చెప్పాడు. అతను చెడ్డవాడు కాదు. తన లెక్క తనకుంది. మనం ఠాణాలో గుట్టుగా అప్పజెప్పకపోతే వాళ్ళే ముసుగులేసుకుని వీధుల్లో తిరుగుతారు, ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపు కాస్తారు, ఊరంతా బెదిరిపోతుంది, అది నయమా ఇది నయమా అని అడిగాడు. లోర్నా లేచి కోటు గుండీలు పెట్టుకుంది. ఊరు వద్దంటే వదిలేస్తావా అని మాత్రం అడిగింది. నాకు జీతమిచ్చేది ఊరే కదా అన్నాడు చీఫ్.

*

శుక్రవారం మధ్యాహ్నం మళ్ళీ కూత. మళ్ళీ నాలుగూ రెండూ.

బండి మలుపు తిరిగింది. డబ్బా కింద ఎవరూ లేరు. కొక్కెం కిందికి లాగి ఉంది. చుట్టూ మంచులో అడుగుజాడలు వచ్చాయి, పోయాయి. పరుగెత్తిన అడుగులు.

కేనరీ రోడ్డు పొడుగునా ఫ్యాక్టరీవాళ్ళుండే రేకుల ఇళ్ళు రెండు వరుసల్లో ఉంటాయి. ఏ ఇంటిదీ తలుపు తెరిచి లేదు. చలికాలం కనుక అన్ని గొట్టాల్లోంచీ పొగే, ఏది పొయ్యి పొగో ఏది మంట పొగో పోల్చలేం. లోర్నా కిందికి దూకి ఇటు నలుగుర్ని, అటు నలుగుర్ని పంపింది. కోరీ కారు దిగి, నోటికి చేతులు అడ్డుపెట్టి అరిచాడు.

"ఎవరు లాగారు? ఏ ఇల్లు?"

ఒక కిటికీ తెర కదిలి మళ్ళీ సర్దుకుంది. ఇంకో ఇంట్లో పిల్లాడి ఏడుపు వినబడి, ఎవరో నోరు మూసినట్టు ఆగిపోయింది. కోరీ మళ్ళీ అరిచాడు. వాడు అరిచినకొద్దీ వీధి ఇంకా నిశ్శబ్దమైపోయింది. పుట్టి పెరిగిన ఊళ్ళో, తను సైకిలు నేర్చుకున్న రోడ్డు మీద, వాడు నిలువునా ఒంటరిగా ఉన్నాడు.

చివరికి ముక్కే దారి చూపింది. కాలిన ప్లాస్టిక్ వాసన పట్టుకుని లోర్నా చివరి వరుసలో ఓ తలుపు తన్నింది. లోపల హీటరు వెనక గోడ ఎర్రగా రాజుకుంటోంది. ఇద్దరు మగవాళ్ళు వెనక తలుపులోంచి బకెట్లతో మంచు ఎత్తి తెచ్చి గోడకేసి కొడుతున్నారు. అరిచి పిలవాల్సిన వేళ ఒక్కరూ నోరు విప్పలేదు. గోడ కోసి, మంటార్పి, అందర్నీ బయటికి తెచ్చేసరికి ఒకాయన రెండు అరచేతులూ పొక్కిపోయాయి. లోర్నా తడిగుడ్డ చుడుతుంటే ఆయన చేతుల వంక చూసుకోలేదు. కోరీ ఛాతీ మీది బిళ్ళ వంకే చూస్తున్నాడు.

కోరీ ఆ చూపు చూశాడు. వెనక్కి తిరిగి కారు దాకా వెళ్ళాడు గాని ఎక్కలేదు.

"అత్తా" అన్నాడు, ఆమె దగ్గరికి వచ్చాక. "నన్ను చూసే దాక్కున్నారు కదా."

"నిన్ను కాదురా. నీ ప్రశ్నను చూసి."

లోర్నా డబ్బా దగ్గరికి నడిచింది. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, మంచు పట్టిన మరల్ని ఒక్కొక్కటే విప్పి, రేకు ఊడదీసి కోటు లోపల పెట్టుకుంది. రేకు చల్లదనం ఇంటికెళ్ళేదాకా ఛాతీకి తగులుతూనే ఉంది.

*

ఊరి సభ బడిలోని ఆటల హాల్లో జరుగుతుంది. ఓటున్న ప్రతి ఒక్కరికీ ఓ ఆకుపచ్చ అట్టముక్క ఇస్తారు. అది పైకెత్తితే ఓటు. రోడ్ల మీద ఇసుక, వంతెన రంగు, కొత్త పడవల రేవు అన్నీ అయ్యేసరికి వంటగదిలోంచి బెల్లపుపాకం పోసి ఉడికించిన చిక్కుడుగింజల వాసన రావడం మొదలైంది. అప్పుడు వచ్చింది ఒప్పందం తీర్మానం.

అందరూ మాట్లాడారు. ఫ్యాక్టరీ మేనేజరమ్మ గురువారం నుంచి బల్లల దగ్గర సగం మంది లేరంది. ఒక లాబ్‌స్టర్ పడవాయన లేచి, తన మేనల్లుడు ఫిలిప్పీన్స్ పిల్లను పెళ్ళాడి కాగితాల కోసం ఏళ్ళూ పూళ్ళూ తిరిగాడు, వరసలో నిలబడ్డవాళ్ళు వెర్రివాళ్ళా అని అడిగాడు. చాలామంది తలలూపారు. ఆ మాటలో న్యాయం లేదని లోర్నాకూ అనిపించలేదు. చీఫ్ తన లెక్క మళ్ళీ చెప్పాడు.

లోర్నా వంతు వచ్చింది. కోటులోంచి రేకు తీసి మైకు పక్కనున్న బల్ల మీద పెట్టింది.

"ఇది నలభై రెండో డబ్బా మీది రేకు. నిలబడమని దీని మీద ఉంది. బుధవారం ఒకామె నిలబడింది. ఆమె ఇప్పుడు ఠాణాలో ఉంది. నిన్న ఎవరూ నిలబడలేదు. రేపు మీ ఇల్లు అంటుకుంటే ఆ రోడ్డు మీద కొక్కెం లాగేవాళ్ళు కూడా ఉండరు. దేశం సంగతి నాకు తెలియదు. నేను అడిగేది ఒక్కటే. సాయం కోసం పిలిచినవాళ్ళను, సాయం వచ్చేదాకా నిలబడినవాళ్ళను మన పోలీసులు మీరెవరని అడగకూడదు, పట్టుకోకూడదు. ఈ మాట ఒప్పందంలో చేర్చండి. లేదంటే డబ్బాలన్నీ నేనే ఊడదీస్తాను. అబద్ధాన్ని రేకు మీద రాసి స్తంభానికి వేలాడదీయలేను."

హాలు గుసగుసలాడింది. సభ నడిపే హేజెల్ సాయర్ సుత్తితో బల్ల తట్టి, ఇంకెవరైనా మాట్లాడతారా అంది.

వెనక వరసలో ఓ చెయ్యి లేచింది. హాలంతా ఒక్కసారి మూలిగింది. ఎవరెట్ పింకమ్. ఏ సభలోనైనా, ఏ తీర్మానానికైనా ఎవరెట్ ఒక సవరణ పెడతాడు. ఓసారి కామా చేర్చమన్నాడు, ఓసారి తీసేయమన్నాడు. కోడిగుడ్డుకు ఈకలు పీకడం అంటే ఆయన తర్వాతే. చిక్కుడుగింజలు చల్లారిపోతాయని ఎవరో గట్టిగానే గొణిగారు.

ఎవరెట్ కర్ర ఆనించి లేచాడు. కోటుకు ఇంకా పొగ వాసన ఉందట, పక్కవాళ్ళు తర్వాత చెప్పారు.

"నా చిమ్నీ కాలింది కాబట్టి నా మెదడు కరిగిందనుకోకండి" అన్నాడు. "దేశానికి తలుపుండాలి, తలుపుకు గడియ ఉండాలి. ఆ మాట మీదే ఉన్నాను. కానీ లోర్నా చెప్పినదాంట్లో లోపముంది."

లోర్నా కళ్ళు మూసుకుంది. అయిపోయింది అనుకుంది.

"పట్టుకోకూడదు అంటే ఇకముందు అని అర్థమొస్తుంది. ఎప్పట్నుంచో చెప్పలేదు. అలా వదిలేస్తే చట్టంలో చెల్లదు. 'గడిచిన బుధవారం నుంచి' అని చేర్చాలి."

హేజెల్ సుత్తి పక్కన పెట్టింది. ఆ తర్వాత కొంచెం ముందుకు వంగి, కారణమేమైనా చెబుతారా అని అడిగింది.

"నేను నిద్రపోతున్నాను. ఆమె నిలబడింది" అన్నాడు ఎవరెట్. కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

ఈ సవరణను బలపరిచేవాళ్ళెవరని హేజెల్ అడిగితే ఒకేసారి ఎన్నో గొంతులు లేచాయి, ఎవరి పేరు రాసుకోవాలో తెలియక ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. రెండు సవరణలతో కలిపి ఒప్పందాన్ని ఓటుకు పెట్టారు. అట్టముక్కలు లేచాయి. అన్నీ లేవలేదు. లాబ్‌స్టర్ పడవాయనది లేవలేదు, తీర్మానం నెగ్గాక మాత్రం లోర్నా దగ్గరికి వచ్చి, ఆ మనిషి ఇంటికి పోతే నాకేం బాధ లేదు, నా ప్రశ్నకు మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు అన్నాడు. ఆ మాట నిజమేనంది లోర్నా.

చీఫ్ బడి ఆఫీసులోకి వెళ్ళి వ్యాన్‌వాళ్ళకు ఫోన్ చేశాడు. ఆమెను ఇక్కడ ఉంచడానికి ఊరు ఒప్పుకోలేదని, అంత దూరం రావద్దని చెప్పాడు. అవతల ఏమన్నారో గాని చాలాసేపు ఫోన్ చెవి నుంచి దూరంగా పట్టుకున్నాడు.

కోరీ హాలు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. తాళాల గుత్తి అప్పటికే నడుము పట్టీ నుంచి తీసి చేతిలో పట్టుకుని ఉన్నాడు.

*

రేకు లేని డబ్బా పనికిరానిదాని కింద లెక్క. బిగించి, ఓసారి లాగి చూస్తే తప్ప కెప్టెన్ ఇంటికి పోకూడదు. అందుకే లోర్నా ఠాణా ముందు ఒడీలియాను ట్రక్కెక్కించుకుని, ఎటూ అదే దారి కదా అని కేనరీ రోడ్డు మొదట్లో ఆపింది. పొద్దు గుట్ట మీదికి వాలుతోంది.

రేకు మీది తెల్ల బొమ్మకు ఓ మూల రంగు లేచిపోయింది. ఒడీలియా దాన్ని బొటనవేలితో తడిమింది. లోర్నా మరలు బిగిస్తుంటే ఒక్కోటీ అరచేతిలో పెట్టుకుని అందించింది. చివరి మర బిగిశాక లోర్నా పక్కకు జరిగింది.

"నువ్వే లాగు" అంది.

ఒడీలియా ఆమె ముఖం వంక చూసింది, కొక్కెం వంక చూసింది. లాగింది. ఫైర్ స్టేషన్ కప్పు మీద కూత లేచింది. నాలుగు. కాస్త ఆగి రెండు.

"ఇప్పుడు?"

"ఇప్పుడు నిలబడాలి."

ఇద్దరూ నిలబడ్డారు. రేకుల ఇళ్ళలో ఒక తెర పక్కకు జరిగింది. ఈసారి సర్దుకోలేదు. ఓ తలుపు తెరుచుకుని ఫెర్మిన్ పాపనెత్తుకుని మెట్ల మీదికి వచ్చి ఆగిపోయాడు. ముందుకు రావాలో వద్దో తెలియనట్టు ఆగిపోయాడు. ఫైరింజన్ వచ్చింది, కుర్రాళ్ళ నోళ్ళలో ఇంకా చిక్కుడుగింజలే. దాని వెనక పోలీసు కారు.

కారును చూడగానే ఒడీలియా చెయ్యి లోర్నా కోటు చేతిని గట్టిగా పట్టుకుంది. కానీ ఒడీలియా కాళ్ళు కదల్లేదు.

కోరీ దిగాడు. అలవాటుగా చెయ్యి జేబులోని కాగితం వైపు పోయింది, సగంలో ఆగింది. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఏం అడగాలో తెలియక ఒక్క క్షణం అత్త వంక చూశాడు. లోర్నా స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుంది.

వాడు ఒడీలియా వైపు తిరిగాడు.

"ఎటు?" అన్నాడు.

ఒడీలియా లోర్నా కోటు వదిలింది. చెయ్యి చాపి, మెట్ల మీద పాపతో నిలబడ్డ మనిషి వైపు చూపించింది.

"ఇంటికి" అంది.